ఏడో కాలమ్

విమెన్స్ హాస్టలు,
తిరుపతి,
20 జులై 1975

నాయనకు నమస్కారాలు.

నిన్ను తీసుకుపోయి పదహారు రోజులైంది. ఏ జైలుకు పంపారో నిన్ననే తెలిసింది. ముఖాముఖి కలవడానికి ఇప్పట్లో అనుమతి లేదన్నారు. ఉత్తరాలు మాత్రం రాసుకోవచ్చట. అక్కడి ఆఫీసువాళ్లు చదివి, ముద్ర వేసి, ఆ తరువాత నీకిస్తారట.

నీకు చదువు రాదు గనక ఎవరో ఒకరు ఈ ఉత్తరం నీకు చదివి పెట్టాలి. ఆ పెద్దలెవరో నాకు తెలియదు. వారికి కూడా నమస్కారాలు. అయ్యా, దయచేసి ఆఖరి దాకా చదవండి. మధ్యలో ఆపేస్తే మా నాయన 'అంతేనా' అని అడగడు. మొహమాటస్తుడు.

శనివారం పాసింజరుకు పాకాల పోయి అమ్మను చూసి వచ్చాను. జరిగింది చెప్పింది. స్టేషను వీధిలో గవర్నమెంటును తిట్టిన మీటింగుకు మైకుసెట్టు నీదే గనక పోలీసులు వస్తారని అందరూ అనుకున్నదే. కానీ నువ్వు ఆ జవాబు చెప్పకుండా ఉండవలసింది నాయనా. మైకుసెట్టు గదిలో నాలుగు పార్టీల జెండాలు దొరికితే ఇన్‌స్పెక్టరు 'నువ్వు ఎవరి మనిషివిరా' అన్నాడట. నువ్వు 'అందరి మనిషినే సార్' అన్నావట. మీటింగు అయ్యాక జెండాలు మోసుకుపోలేక మళ్లీ మీటింగు దాకా నీ దగ్గరే పడేసి పోతారని పాకాలలో రిక్షావాళ్లకు కూడా తెలుసు. ఆ ఇన్‌స్పెక్టరు కొత్తవాడు, ఆయనకు తెలియదు. అమ్మ ఇంకా అదే మాట మీద ఉంది. "ఎవురి మనిషినీ కాదు అని ఉంటే ఏం పొయ్యేది? ఈయనకు ఎవురికీ లేదనే నోరు ఎప్పుడొచ్చింది గనక!" అంటుంది.

నీ ఉబ్బసం ఎట్లా ఉంది? మాత్రలు లోపలికి ఇస్తున్నారా? మొదట ఈ ఒక్కదానికి జవాబు రాయించు.

నాకు ఇది ఎం.ఏ. ఆఖరి సంవత్సరం. ఒక పెద్ద వ్యాసం రాసి ఇవ్వాలి. 'రాజకీయ సిద్ధాంతాలు, నేటి సమాజంలో వాటి స్థానం' అని తీసుకున్నాను. మా సారు ఎందుకమ్మా ఈ ఎమర్జెన్సీ రోజుల్లో అది అన్నారు. చిన్నప్పుడు నీ పక్కన బ్యాటరీ పెట్టె మీద కూర్చుని విన్న ఉపన్యాసాలే నా మొదటి పాఠాలని ఆయనకు చెప్పలేదు. నీకు చెబుతున్నాను.

నీ కూతురు
పంకజాక్షి

సెంట్రల్ జైలు,
5 ఆగస్టు 1975

పంకజాక్షికి అభినందనలు.

మీ నాన్న మునస్వామి గారి తరఫున రాస్తున్నాను. నా పేరు పరంధామయ్య. ముప్పై ఏళ్లుగా బీడీ కార్మికుల మధ్య కమ్యూనిస్టుగా పనిచేస్తున్నాను. మేం ఒకే బారకులో ఉన్నాం.

ఆయన చెప్పినదాని సారాంశం ఇది. శ్రమజీవికి పార్టీ లేకపోవడమంటూ ఉండదు. తెలిసినా తెలియకపోయినా అతడు ఒక వర్గానికి చెందినవాడే. ఇరవై ఏళ్లు దోపిడీవర్గాల గొంతును తన భుజాల మీద మోసిన మునస్వామి గారు ఇప్పుడు తన గొంతు ఎక్కడిదని ప్రశ్నించుకుంటున్నారు. ఈ చైతన్యం ఆయనకు జైలు ఇచ్చిన కానుక. నీవు కంటతడి పెట్టకు. తలవంచకు. ఇది ఆయన మాటే.

ఇంకా ఇంట్లో ఉన్న మైకు గొట్టాలలో ఎలుకలు దూరకుండా గోనెపట్ట చుట్టమన్నారు. దీనికీ పైదానికీ సంబంధం నాకు బోధపడలేదు. అయినా పట్టుబట్టారు గనక రాశాను.

ఉబ్బసం గురించి అడిగావు. బయట లక్షల మంది ఊపిరి ఆడకుండా ఉన్నప్పుడు ఒక మనిషి ఊపిరి గురించి రాయడం బాగుండదని ఆయనకు నచ్చజెప్పాను. ఒప్పుకున్నారు.

నీ వ్యాసం సంగతి విని సంతోషించాను. సిద్ధాంతాలను పక్కపక్కన పెట్టి పోల్చడం సంతలో దోసకాయలు ఏరుకోవడం కాదు. ఏది ఎవరి పక్షం అని అడుగు. మిగతాది దానంతట తెలుస్తుంది.

మునస్వామి గారి తరఫున
పరంధామయ్య

తిరుపతి,
14 ఆగస్టు 1975

నాయనకు నమస్కారాలు. పరంధామయ్య గారికి కూడా.

ఉత్తరం అందింది. నాలుగుసార్లు చదివాను. దాంట్లో నాకు నువ్వు గోనెపట్ట దగ్గర మాత్రమే కనిపించావు. గొట్టాలకు చుట్టించాను. అమ్మ యాంప్లిఫయరు మీద తన పాత చీర కూడా కప్పింది.

పరంధామయ్య గారూ, తప్పుగా అనుకోకండి. మీరు చెప్పింది నా వ్యాసంలో రాసుకున్నాను. కానీ మా నాయన ఊపిరి గురించి కూడా ఒక పంక్తి రాయండి. మిగతా లక్షల మందికి వాళ్ల పిల్లలు రాసుకుంటారు.

నాయనా, చిత్తూరు పోయి చెంగయ్య ప్లీడరును కలిశాను. ఆయన అర్జీ ఒకటి రాసిచ్చాడు. దీంతోపాటు పంపుతున్నాను. అందులో ముఖ్యమైన వాక్యం ఒక్కటే. 'నేను ఏ పార్టీకీ చెందినవాణ్ణి కాను, మైకుసెట్టు అద్దెకిచ్చి బతికేవాణ్ణి.' కింద ఎడమచేతి బొటనవేలి ముద్ర వేసి అక్కడి ఆఫీసులో ఇవ్వు. "ఈ ఒక్క మాట మీద మీ నాయన నిలబడితే చాలు, రెండు నెలల్లో ఇంట్లో ఉంటాడు" అని ప్లీడరు చెప్పాడు. ఇది ఎవరి ముందూ తలవంచడం కాదు. నిజం చెప్పడమే.

నీ కూతురు
పంకజాక్షి

సెంట్రల్ జైలు,
2 సెప్టెంబరు 1975

శ్రీరస్తు.

చి. కుమారి పంకజాక్షికి తండ్రి మునస్వామి ఆశీర్వదించి వ్రాయించునది. ఉభయకుశలోపరి.

అమ్మాయీ, నా పేరు తిరుమలయ్య. చిత్తూరు బజారువీధిలో మాకు బట్టల దుకాణం ఉంది. చిన్నతనం నుంచి సంఘం శాఖకు పోయేవాణ్ణి. అందుకే ఇక్కడ ఉన్నాను. పరంధామయ్య గారు వ్రాసిన జాబు నీకు నచ్చలేదని తెలిసి ఈసారి నన్ను వ్రాయమన్నారు. ఆయనకూ నాకూ మాటలు తక్కువ.

నాయనగారి ఆరోగ్యం భేషుగ్గా ఉన్నది. ప్రతి ఉదయం నా పక్కన నిలబడి ప్రాణాయామం చేస్తున్నారు. మందులు మానేయవచ్చునని నా నమ్మకం. తన పని తాను చేసుకుపోవడమే ధర్మమని వారు ఎన్నడో గ్రహించినవారు. ఏ వర్గమూ ఏ పోరాటమూ వారి రక్తంలో లేదు. దేశం ఒక కుటుంబం. కుటుంబంలో పెద్దవాడు ఉంటాడు, చిన్నవాడు ఉంటాడు, కొట్లాట ఎందుకు? నీ వ్యాసంలో ఈ సంగతి మరువకు.

నీవు పంపిన అర్జీ మీద వేలిముద్ర వేసి ఆఫీసులో ఇచ్చారు. మా వాళ్లు పదకొండుమంది కలిసి ప్రభుత్వానికి పంపిన మహజరు మీద కూడా వేశారు. కిందటి వారం పరంధామయ్య గారి వాళ్ల మహజరు మీద వేశారని తెలిసి మేమూ అడిగాం. కాదనలేదు. మంచి మనిషి.

యాంప్లిఫయరు మీద చీర కప్పవద్దట. చెమ్మ పడుతుందట.

ఆశీస్సులతో
తిరుమలయ్య

తిరుపతి,
12 అక్టోబరు 1975

నాయనా,

అర్జీ కొట్టేశారు.

చెంగయ్య ప్లీడరు ఆ కాగితం నా ముందు పడేశాడు. ఏ పార్టీకీ చెందనని అర్జీ పెట్టుకున్న ఈ మునస్వామి అనేవాడు అదే నెలలో 'మేము కమ్యూనిస్టు ఖైదీలము' అనే మహజరు మీద ఒక వేలిముద్ర, 'మేము సంఘ సేవకులము' అనే మహజరు మీద ఇంకొక వేలిముద్ర వేశాడు, కాబట్టి ఇతడు తన అసలు రంగు దాచే ప్రమాదకరమైన మనిషి అని ఉంది దాంట్లో. మూడు కాగితాలూ ఒకే బల్ల మీదికి చేరాయి. ప్లీడరు నవ్వాడు నాయనా. "నా సర్వీసులో రెండు పార్టీల తరఫున ఒకేసారి జైల్లో ఉండేవాణ్ణి మీ నాయననే చూసినానమ్మా" అన్నాడు. అక్కడున్న గుమాస్తాలు కూడా నవ్వారు.

ఎందుకు వేశావు? ఒక్క మాట మీద నిలబడమన్నాను. ఒక్క వాక్యం. ఎవరు కాగితం చాపితే వారికి వేలు చాపడమేనా? అందులో ఏముందో అడగవా? నాలుగు అక్షరాలు రాకపోతే పోయె, నాలుగు ప్రశ్నలు అడగడానికి కూడా నోరు లేదా? నీలాంటివాళ్లు ఉన్నందుకే ఈ దేశంలో ఎవరేం రాసినా చెల్లుతోంది. ఏ సిద్ధాంతమైనా నీ వేలి మీదుగానే గద్దె ఎక్కుతుంది.

అమ్మ నన్ను వరండాలో కూర్చోబెట్టి అడిగింది. "మీ నాయన ఎప్పుడొస్తాడే?" అని. 

పంకజాక్షి

సెంట్రల్ జైలు,
2 నవంబరు 1975

అమ్మా పంకజాక్షీ,

నేను గంగాధరం. సత్యవేడు దగ్గర రైతును. సోషలిస్టును. నీ ఉత్తరం చదవడానికి మిగతా ఇద్దరికీ మనసు రాలేదు. 'బాగున్నానని రాసింది' అని చెప్పేద్దామన్నారు. నేను ఒప్పుకోలేదు. ఒక్క మాట కూడా వదలకుండా చదివి వినిపించాను. నీకు కోపం వచ్చినా సరే, ఒకరి జాబును ఇంకొకరు దిద్దకూడదని నా పట్టుదల. ఇప్పుడు మీ నాయన చెబుతున్నది కూడా చెప్పినట్టే రాస్తున్నాను.

"అమ్మణ్ణీ, నువ్వు తిట్టింది ఇన్నాను. బాగనే తిట్టినావు. చదువుకున్న బిడ్డ తిడితే అది గూడా బాగనే ఉంటాది. నీ మాటలో అబద్ధం ఒకటీ లేదు.

అయితే నువ్వు అడిగినావు గదా యాల వేసినావని. చెప్తా ఇను. పరంధామయ్య సారు నాకు జాబు రాసిపెట్టినాడు. ఒక పొద్దంతా కూసోని రాసినాడు. తిరుమలయ్య సామీ అంతే. మనకు జాబు రాసిపెట్టినోడు ఒక కాగితం చాపి వేలు పెట్టప్పా అంటే దీంట్లో ఏముందని అడిగితే ఏం బాగుంటాది? వాళ్లు నా జాబులో ఏముందని అడిగినారా? నా పనే అది గదమ్మా. ఎవురొచ్చినా మైకు ఇయ్యాల. ఏం మాట్లాడతావు చెప్పు, అప్పుడు ఇస్తానంటే నేను మైకుసెట్టోణ్ణి ఎట్టవుతాను?

నీ పరీచ్చకు పనికొస్తాదేమో రాసుకో. ఇరవై ఏండ్లు అందరి గొంతూ ఇన్నాను. కమ్యూనిస్టోళ్లు మైకు నోట్లో పెట్టుకోని అరుస్తారు. వాళ్లకు సౌండు తగ్గించి పెట్టాల. చెప్పేది కూలోళ్ల ఆకలి మాట. అది నిజం. అయితే ఎవురన్నా మద్దెలో ఒక మాట అడిగితే ఒప్పుకోరు. పరంధామయ్య సారు పార్టీలోనే సగం మంది గవర్నమెంటుతో కలిసి బయట, సగం మంది ఈడ లోపల. సంఘపోళ్లు టయానికి వస్తారు. కుర్చీలు వాళ్లే వేసుకుంటారు, వాళ్లే ఎత్తి పెడతారు. మాట మెత్తన. అయితే నా దగ్గర బ్యాటరీ మోసే పీరుసాబు ఉండాడే, వాళ్ల మీటింగుకు మాత్రం రాడు. యాలప్పా అంటే నవ్వుతాడు. సోషలిస్టోళ్లు పదిమంది వస్తారు. ఆ పదిమందిలో ఇద్దరు మీటింగు మద్దెలోనే లేచిపోయి ఇంకో పార్టీ పెడతారు. ఇది రాసేటప్పుడు గంగాధరమన్న నవ్వి నవ్వి కలం కింద పెట్టినాడు. ఇంక గవర్నమెంటు పార్టీ వాళ్లు…

(ఇక్కడ నాలుగు పంక్తులు నల్లసిరాతో కొట్టివేసి ఉన్నాయి.)

…ఈడ మైకు లేదు. నాకు ఆయాసమొస్తే పరంధామయ్య సారు వీపు రుద్దతాడు. తిరుమలయ్య సామి వేన్నీళ్లు తెస్తాడు. రుద్దతా రుద్దతా ఈయన ఆయన్ని తిడతాడు. తెస్తా తెస్తా ఆయన ఈయన్ని తిడతాడు. నాకు మద్దెలో ఊపిరి వస్తాది. వాళ్ల పుస్తకాలు గెలిస్తే ఎట్టుంటాదో నాకు తెలీదు. ఇద్దరి చేతులూ మాత్రం మంచియే.

మాత్రలు మొన్నటి నుంచి ఇస్తా ఉండారు. ప్రాణాయామం నాకు సరిపళ్లేదు. అది సామికి చెప్పొద్దు.

మీ అమ్మకు ధైర్యం చెప్పు. ఇంక ఏ కాగితం మీదా వేలు పెట్టను. నువ్వు పంపితే తప్ప."

ఇంతే చెప్పారు.

గంగాధరం

తిరుపతి,
16 నవంబరు 1975

నాయనకు నమస్కారాలు. గంగాధరం గారికీ, పరంధామయ్య గారికీ, తిరుమలయ్య గారికీ నమస్కారాలు.

నాయనా, నేను అట్లా రాసి ఉండకూడదు. అంతకంటే ఏం రాయాలో తెలియడం లేదు. నీ ఉత్తరం మా సారుకు చదివి వినిపించాను. అంతా విన్న తరువాత "ఇది వ్యాసంలో పెట్టొద్దు తల్లీ, నువ్వూ నేనూ ఇద్దరం పోతాం" అన్నారు.

ఇప్పుడు ఒక దారి కనిపించింది. అది చెప్పడానికే నాకు సిగ్గుగా ఉంది.

ప్లీడరుతో కలిసి నీ అర్జీ కొట్టేసిన ఆఫీసుకు పోయాను. అక్కడ ఒక గుమాస్తా మంచివాడే. కుర్చీ వేశాడు. అతను ఇట్లా విడమరిచి చెప్పాడు. "ఏ పార్టీ కాదంటే ఇడవరమ్మా. ఏ పార్టీ గాని మనిషిని పట్టుకున్నారంటే తప్పు మాదవుతుంది. మా ఆఫీసు తప్పు చెయ్యదు గదా. కాబట్టి మీ నాయన ఏదో ఒక పార్టీలో ఉండాల. ఉండి, దాంట్లోంచి రాజీనామా చెయ్యాల. గవర్నమెంటు ఇరవై సూత్రాల కార్యక్రమాన్ని సమర్థిస్తున్నానని రాయాల. అప్పుడు ఇడుస్తారు. ఏదో ఒక పార్టీ ఏస్కో."

ఏదో ఒక పార్టీ. నాలుగు నెలలుగా ఏ సిద్ధాంతంలో ఏ మంచి ఉందో, ఏ చెడు ఉందో పోల్చి పోల్చి రాస్తున్నాను. ఆఖరికి అది మా నాయనను దేంట్లోంచి రాజీనామా చేయించాలో తేల్చడానికి పనికివచ్చింది. ఫారం నా దగ్గరే ఉంది. ఏది రాయమంటావు? చలికాలం వస్తోంది. నిరుడు ఈ రోజుల్లో నిన్ను రెండుసార్లు ఆసుపత్రికి తీసుకుపోయాం. అందుకే అడుగుతున్నాను. లేకపోతే అడిగేదాన్ని కాదు.

నీ కూతురు
పంకజాక్షి

సెంట్రల్ జైలు,
30 నవంబరు 1975

అమ్మా పంకజాక్షీ,

మీ నాయన మాట ఇది.

"అమ్మణ్ణీ, నువ్వు ఎట్ట రాస్తే అట్ట. అయితే కమ్యూనిస్టు అని రాసి రాజీనామా ఇస్తే పరంధామయ్య సారు ముకం ఎట్ట చూసేది? సంఘం అని రాస్తే సామి ఊరుకుంటాడు గాని మనసులో పెట్టుకుంటాడు. నా వల్ల ఒకరికి కష్టం కలగకూడదు. ఈ బారకులో ఎవురూ లేని పార్టీ ఏదన్నా ఉంటే చూసి రాయి. గంగాధరమన్నను అడిగితే వేళ్లు మడిచి లెక్కేసినాడు. అన్ని పార్టీలోళ్లూ ఈడనే ఉండారంట, ఒక్క పార్టీ తప్ప. దాంట్లోంచి రాజీనామా చేస్తే ఇడుస్తారేమో కనుక్కోమన్నాడు. అట్ట చెప్పి ఆయనొక్కడే నవ్వుకుంటా ఉండాడు."

ఇక నా మాట. మా పార్టీ పేరే రాసుకో అమ్మా. మాది చిన్న పార్టీ. మనుషులు వదిలి పోవడం మాకు అలవాటే. నేనేమీ అనుకోను. సోషలిజం ఒక మైకుసెట్టు మునస్వామి రాజీనామాతో పడిపోయేదైతే నేను ఇన్నేళ్లు దాని వెంట తిరగడం దండగ. మా వాళ్లను ఇప్పుడు ఒక్కొక్కరినే వదులుతున్నారు కూడా. నా పేరు వచ్చే నెల జాబితాలో ఉందని చెప్పారు. మా చేనిలో వేరుశనగ ఎవరు పీకారో ఏమో, పోయి చూసుకోవాలి.

ఆయాసం ఎక్కువగానే ఉంది. ఆయన రాయవద్దన్నారు. చెప్పినట్టే రాస్తాను గనక ఆ మాట కూడా రాస్తున్నాను.

గంగాధరం

తిరుపతి,
9 డిసెంబరు 1975

నాయనకు నమస్కారాలు.

గంగాధరం గారు చెప్పినట్టే సోషలిస్టు పార్టీ అని నింపి ఫారం పంపుతున్నాను. గుమాస్తా కూడా ఈ నెలలో అదే సులువన్నాడు. వేలు ఎక్కడ పెట్టాలో పెన్సిలుతో గుర్తు పెట్టాను. అమ్మ జామీను దగ్గర వేలిముద్ర వేసింది, నేను సాక్షిగా సంతకం చేశాను.

గంగాధరం గారూ, మీ మేలు మరువలేను. ఏడో కాలమ్ ఖాళీగా వదిలితే ఫారం తిప్పి పంపుతారని గుమాస్తా అన్నాడు. 'ఎవరి ప్రోత్సాహంతో చేరినది' అని ఉంది అక్కడ. సాయంత్రం ఐదు కావస్తోంది, బీరువా మూస్తున్నారు, నాకు మీ పేరు తప్ప ఇంకో పేరు తెలియదు. లోపల ఉన్నవారికి దీనితో కొత్తగా ఏమవుతుందిలే అన్నాడు. నేనూ అదే అనుకున్నాను. క్షమించండి.

పంకజాక్షి

సెంట్రల్ జైలు,
24 డిసెంబరు 1975

అమ్మా పంకజాక్షీ,

మీ నాయన వేలిముద్ర వేశారు. ఫారం ఆఫీసుకు చేరింది. "గుర్తు పెట్టిన కాడ సరిగ్గా పడింది, అమ్మణ్ణికి చెప్పన్నా" అన్నారు.

ఈ కింది నాలుగు మాటలు ఆయనకు చదివి వినిపించడం లేదు.

ఏడో కాలమ్ చూశాను. నా పేరు నీ చేతిరాతలో చక్కగా ఉంది. ఫారం ఆయనకు చదివి పెట్టేటప్పుడు ఆరు తరువాత ఎనిమిది చదివాను, నీ ఉత్తరంలో నాకు రాసిన ముక్కా చదవలేదు. ఒక్క మాట వదలనని నీకు గొప్పగా రాసినవాణ్ణి, వదిలాను. చదివి ఉంటే ఆయన వేలు పెట్టేవారు కారు. మొన్న ఆయన పెదవులు నీలంగా మారాయి. అప్పుడు నాకు ఏ సిద్ధాంతమూ గుర్తు రాలేదు. ఆయన బయటికి పోవాలనిపించింది, అంతే.

నువ్వేమీ మనసులో పెట్టుకోవద్దు. పరీక్ష బాగా రాయి.

గంగాధరం

పాకాల,
8 ఫిబ్రవరి 1976

చి. పంకజాక్షికి,

స్టేషను ముందర టీ బంకు గోవిందుతో మీ నాయన రాయించే జాబు.

"అమ్మణ్ణీ, నేను ఇంటికొచ్చి పన్నెండు రోజులాయె. ఉబ్బసం తగ్గింది. మీ అమ్మ రాగిసంగటి చేసి పెడతా ఉండాది. గొట్టాలు దించి తుడిచినాను. మైకు ఇంకా ఎవురికీ ఇయ్యకూడదంట, పోలీసు స్టేషన్లో చెప్పినారు. పెండ్లిండ్లకు మాత్రం ఇయ్యొచ్చంట.

నాకు ఒకటే బాధగా ఉండాది. గంగాధరమన్న నాకంటే ముందర పోతాడని అందురూ అన్నారు. పోయే దినం గూడా చెప్పినారు. దుప్పటి మడిచి పెట్టుకున్నాడు. ఆ దినం పొద్దున పిల్చి, నీది నిలిపేసినాము పో అన్నారంట. ఎందుకన్నా అంటే నవ్వినాడు. 'నేను పెద్ద లీడరునంట మునస్వామీ, ఇన్నాళ్లూ నాకే తెలీదు' అన్నాడు. నన్ను గేటు దాకా పంపి వెనక్కి పోయినాడు.

మిగతా ఇద్దురూ జాబు రాసిపెట్టి ఒక కాగితం చాపినారు. ఆయప్ప ఒక్కనాడు గూడా ఏమీ అడగలా. ఆయనకు నేనేం చెయ్యగలను? నువ్వు చదువుకున్నదానివి. ఒక మంచి జాబు రాయి నా పేరుతో. అన్నా, నిన్ను ఇంకా యాల ఇడవలేదు, ఎవురు అడ్డం పడినారు, మేమేమన్నా చెయ్యాల్నా అని అడుగు. నువ్వు అడిగితే రాస్తాడు."

(గోవిందు రాసేది: మీ నాయన ఈ జాబు చెప్తాంటే బంకు కాడ పదిమంది చేరినారు. అందురూ కండ్లు తుడుచుకున్నారు. నువ్వు రాసే జవాబు కోసం అందురం చూస్తా ఉంటాము.)

తిరుపతి,
15 ఫిబ్రవరి 1976

నాయనా,

నీ ఉత్తరం అందిన మర్నాడే ఆ ఆఫీసుకు పోయాను. ఏడో కాలమ్‌లో రాసింది అబద్ధం, తొందరలో నేనే రాశాను, కొట్టేయండి అని అడిగాను. గుమాస్తా తలుపు దగ్గరికి వేసి వచ్చి కూర్చున్నాడు. "ఏడో కాలమ్ అబద్ధమంటే ఫారమంతా అబద్ధమే గదమ్మా. మీ నాయన మళ్లా లోపలికి పోవాల. ఆయన పోయినా ఈయన్ని ఇడుస్తారని గ్యారంటీ లేదు. ఇద్దురూ ఉండాలంటావా, ఒకరు చాలా?" అని అడిగాడు. కోపంగా కాదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగాడు.

నేను లేచి వచ్చేశాను.  అట్లా రావడం కూడా ఒక జవాబే.

నిన్న మా సారు వాళ్లు నా వ్యాసం మీద ప్రశ్నలు వేశారు. ఈ సిద్ధాంతాలన్నిటిలో సామాన్యుడికి ఏది మేలని అడిగారు. ప్రతిదాంట్లోనూ కొంత మంచి ఉంది, కాలాన్ని బట్టి సమాజం ఎంచుకుంటుంది అన్నాను. బాగుందన్నారు. ఫస్టుక్లాసు వస్తుందట. మన ఇంట్లో బడికి పోయిన మొదటి మనిషిని, అంత నున్నగా ఎట్లా చెప్పగలిగానో నాకే ఆశ్చర్యంగా ఉంది. గంగాధరం గారి పేరు ఆ వ్యాసంలో ఎక్కడా లేదు. ఆయన పేరు నేను రాసిన చోటు ఒక్కటే.

నిన్ను ఆ మాటలన్నాను. కాగితంలో ఏముందో అడగవా అన్నాను. నువ్వు తెలియక వేలు పెట్టావు, ఎవరికీ ఏమీ కాలేదు, నీకు తప్ప. నేను అన్ని కాలమ్‌లూ చదివి, తెలిసి, మంచి కలంతో రాశాను.

ఇదంతా నీకు చెప్పాలి. కానీ ఈ ఉత్తరం వేస్తే గోవిందు చదువుతాడు. పదిమంది వింటారు. నువ్వు ఆ పదిమందిలో బెంచీ మీద కూర్చుని ఉంటావు. వింటూనే లేచి పోలీసు స్టేషనుకు పోయి, నన్ను మళ్లీ లోపల వేయండి అంటావు. నువ్వు అంటావని నాకు తెలుసు. ఈ ఉత్తరం వేయను.

నువ్వు అడిగిన జాబు మాత్రం గంగాధరం గారికి రాశాను. నా మాట ఒక్కటీ కలపలేదు. 'అన్నా, నిన్ను ఇంకా యాల ఇడవలేదు, ఎవురు అడ్డం పడినారు, మేమేమన్నా చెయ్యాల్నా' అని నువ్వు చెప్పింది చెప్పినట్టే ఉంది. కింద నీ పేరు రాసి చోటు వదిలాను. వచ్చే ఆదివారం పాసింజరుకు వస్తాను. వేలిముద్ర వేద్దువుగాని. ఇంకుప్యాడు నేనే తెస్తాను.

పంకజాక్షి